ఖాళీగా తిరిగొచ్చే బండి

స్ప్రింగులు రెండూ నేల మీద ఉన్నాయి.

మెర్వ్ కిట్టో షెడ్డు తలుపు దగ్గరే ఆగిపోయాడు. చేతిలో టీ కప్పు ఉంది. టపా బండి స్టాండ్ల మీద నిలబడి ఉంది. వెనక చక్రాలు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. పికప్ కింద ఎవరో బోల్టు బిగిస్తున్న చప్పుడు.

"బ్రయోనీ."

"ఊఁ."

"అవి నా స్ప్రింగులు."

"తెలుసు నాన్నా. వాటి మీద నీ పేరు కొట్టి ఉంది కదా."

"ఎవరు తీయమన్నారు?"

"అమ్మ నడుము తీయమంది."

వంటింటి మెట్ల మీద రోండా నిలబడి టోస్టు తింటోంది. పోయిన బుధవారం నుంచి ఆమె కూర్చుని తినలేదు. ఆ సాయంత్రం టపా బండిలోంచి ఆమెను భర్తా కూతురూ చెరో చెయ్యి వేసి దింపారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. టపా కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళకు తీసుకుంటుందో లేదో రోండా శుక్రవారంలోగా చెప్పాలి. ఆ మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

మెర్వ్ వంగి బండి కిందికి చూశాడు. తన స్ప్రింగులు ఉండాల్సిన చోట నల్లటి రబ్బరు సంచులు రెండు ఉన్నాయి.

"గాలి సంచులా? ఈ రబ్బరు తిత్తుల మీద మీ అమ్మను కూర్చోబెడతావా?"

"ఎయిర్ సస్పెన్షన్ అంటారు నాన్నా. నేను పనిచేసిన గనిలో బళ్ళన్నీ వీటి మీదే తిరుగుతున్నాయి."

"గనికి మెకానిక్కు పక్కనే ఉంటాడు. నారవిల్లా దారిలో ఎవడుంటాడు? ఒక రాయి గుచ్చుకుంటే చాలు, బండి ఇరుసు మీద కూలబడుతుంది. అప్పుడు ఎవరొస్తారు సాయానికి? ఒంటెలు వస్తాయి."

"నీ ఇనుము విరగదా?"

"నా ఇనుము విరగ్గా ఎప్పుడైనా చూశావా?"

"లేదు. విరగదు. వంగదు కూడా. దాని జబ్బే అది."

బ్రయోనీ బండి కింద నుంచి బయటికి జరిగింది. మొహం నిండా మట్టి. లేచి నిలబడి తండ్రి స్ప్రింగును కాలితో తట్టింది.

"దీనికి ఒక్క బరువే తెలుసు నాన్నా. బండి నిండుగా ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు. ఒప్పుకుంటాను. కానీ టపా బండి పోయేటప్పుడే నిండుగా ఉంటుంది. వచ్చేటప్పుడు ఖాళీ. ఖాళీ బండికి ఇది నొక్కుకోదు. రోడ్డు మీది ప్రతి దెబ్బా తిన్నగా సీటులోకి వస్తుంది. గాలి సంచి అయితే బరువున్నప్పుడు నింపుకుంటాం, దిగాక వదిలేస్తాం."

"ఊపు ఆపేది షాక్ అబ్జార్బరు. స్ప్రింగు కాదు. గనిలో అది నేర్పలేదా?"

"షాకులు కూడా కొత్తవి వేశావు కదా! ఏమన్నా మారిందేమో అమ్మను అడుగు."

మెర్వ్ మెట్ల వైపు తిరిగాడు.

"రోండా, నా స్ప్రింగుల మీద బండి ఎప్పుడన్నా కుంగిందా?"

"లేదు."

"ప్రతి బుధవారం అడుగుతూనే ఉన్నాను కదా, బండి ఎలా మోసిందని. బాగా మోసిందంటావు."

"బాగానే మోసింది."

"మరి నొప్పి ఉంటే నాతో ఒక్కసారి అనొచ్చు కదా!"

రోండా టోస్టు నమిలి మింగింది.

"నువ్వు బండి సంగతి అడిగావు మెర్వ్. నేను బండి సంగతి చెప్పాను."

రేకుల కప్పు మీద గలా చిలకలు గోల చేస్తున్నాయి. బ్రయోనీ చేతులు గుడ్డకు తుడుచుకుంటోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

"అమ్మా, రాళ్ళ సంగతి చెప్పు."

"బ్రయోనీ, నోరు ముయ్యి. మాటిచ్చావు."

"ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏ రాళ్ళు?" అన్నాడు మెర్వ్.

"వాగు దగ్గరి కుప్ప."

వాళ్ళ ఊరు ముల్గారీలో ఆ కుప్ప తెలియనివాళ్ళు లేరు. ఊరి ముందు వాగు దాటే చోట, రోడ్డు పక్కన ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కారవాన్లలో వచ్చే యాత్రికులు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. వాళ్ళూ తలో రాయీ పెట్టి పోతారు. రాళ్ళను కదపవద్దని ఊరి కమిటీ బోర్డు కూడా పెట్టించింది.

"ఆ కుప్పకూ నా స్ప్రింగులకూ ఏం సంబంధం?"

"ఆ కుప్ప అమ్మది."

మెర్వ్ నవ్వబోయాడు. భార్య మొహం చూసి ఆగాడు.

"నారవిల్లాలో ఆఖరి టపా దించాక బండిలో రాళ్ళు వేసుకుంటుంది. బరువుంటే బండి ఎగరదు కదా. వాగు దగ్గరకొచ్చి దించేస్తుంది, నీ కంట పడకుండా. ప్రతి వారం. ఎత్తడం, దించడం. పోయిన బుధవారం నేను అటు పోతుంటే అక్కడే చూశాను. మోకాళ్ళ మీద ఉంది. చేతిలో రాయి. పైకి లేవలేకపోయింది."

మెర్వ్ టీ కప్పును బల్ల మీద పెట్టాడు.

"ఆ కుప్ప మీద నేను కూడా ఒక రాయి పెట్టాను," అన్నాడు. "ఈస్టరు అప్పుడు. మంచి జరుగుతుందని."

రోండాకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము లాగింది. గుమ్మం పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీ స్ప్రింగుల మీద కూర్చోవాలంటే రాళ్ళు కావాలనా? వాటిని నా పుట్టినరోజుకి వేశావు మెర్వ్. రిబ్బను కూడా కట్టావు."

మెర్వ్ తన స్ప్రింగు మీదే కూర్చున్నాడు. తల వంచుకుని చాలాసేపు నేల చూశాడు. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వినండి, మీరిద్దరూ," అంది రోండా. "ఇవాళ టపా తీసుకెళ్తాను. సాయంత్రం ఈ వాకిట్లో నా అంతట నేను దిగితే శుక్రవారం సంతకం పెడతాను. నన్ను దింపాల్సి వస్తే పెట్టను. స్ప్రింగో, సంచో, నాకు అనవసరం. బండి సిద్ధం చెయ్యండి."

ఆమె లోపలికి వెళ్ళింది.

మెర్వ్ లేచాడు. బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుని గాలి గొట్టాన్ని వేలితో వెతుక్కుంటూ పోయాడు. మధ్యలో వేలు ఆగింది.

"రెండు సంచులకూ ఒకటే గొట్టమా?"

"మధ్యలో చీల్చి రెండు వైపులా ఇచ్చాను."

"మలుపులో ఎడమ సంచి నొక్కుకుంటే అందులో గాలి ఎటు పోతుంది?"

బ్రయోనీ వంగి గొట్టం చీలిన చోటు చూసింది.

"కుడి దాంట్లోకి."

"అప్పుడు బండి ఏం చేస్తుంది?"

"ఎడమకు ఒరుగుతుంది."

"అందులో మీ అమ్మ ఉంటుంది." మెర్వ్ చెయ్యి చాపాడు. "తప్పుడు పనే చేస్తానంటే చెయ్యి. కానీ సరిగ్గా చెయ్యి. ఇంకో గొట్టం పట్రా. దేని దారి దానికి, దేని మీట దానికి ఉండాలి."

బ్రయోనీ పరుగెత్తింది.

*

పోర్ట్ ఆగస్టా నుంచి పెద్ద లారీ వచ్చేసరికి పికప్ నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. సరుకు ఎక్కడం మొదలైంది. టపా సంచులు, టైర్లు, పంపుసెట్టు మోటారు, కోళ్ళ దాణా, ఎవరిదో కొత్త వాషింగ్ మెషీను. ఎక్కినకొద్దీ బండి వెనక భాగం దిగుతూ వచ్చింది.

"చూశావా, కుంగుతోంది," అన్నాడు మెర్వ్.

"ఆగు," అంది బ్రయోనీ. సీటు పక్కనున్న మీటలు రెండూ తిప్పింది. కింద కంప్రెసరు గుర్రుమంది. వాషింగ్ మెషీనుతో సహా బండి వెనక భాగం పైకి లేచింది. లేచి, ముందు భాగానికి సమంగా వచ్చి ఆగింది.

లారీ డ్రైవరు ఈల వేశాడు. రోండా చప్పట్లు కొట్టింది. మెర్వ్ వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి బండి వాలు చూశాడు. షెడ్డులోకి వెళ్ళి తన స్ప్రింగులు రెండూ మోసుకొచ్చి సరుకు మధ్య ఇరికించి తాడు కట్టాడు. స్టాండ్లూ జాకీ కూడా వేశాడు.

"అవెందుకు?" అంది రోండా.

"నీ తిత్తులు చిరిగితే పనికొస్తాయి."

"చచ్చిన పందుల్లా ఉన్నాయి."

"అవీ వస్తాయి. నేనూ వస్తాను."

"నువ్వా? ఎక్కడ కూర్చుంటావు? ఆ సీటు బ్రెడ్డుది."

నిజమే. ఇన్నేళ్ళుగా ఆ సీటులో బ్రెడ్డు పెట్టె తప్ప ఎవరూ ప్రయాణం చేయలేదు. వెనక వేస్తే నలిగిపోతుందని దారిలోని పశువుల ఫారాల వాళ్ళ గొడవ.

"ఒళ్ళో పెట్టుకుంటాను," అన్నాడు మెర్వ్.

బ్రయోనీ షెడ్డు చూసుకోవడానికి ఉండిపోయింది. బండి గేటు దాటుతుంటే వెనక నుంచి అరిచింది.

"అమ్మా, సరుకు దించిన చోటల్లా గాలి వదులు! మరిచిపోకు! నాన్నను మీటలు ముట్టుకోనివ్వకు!"

తారు రోడ్డు అయిపోయిన చోట రోండా ఆగింది. దిగి నాలుగు టైర్లలోనూ గాలి కొంత తీసింది. మట్టిరోడ్డు ఎక్కేముందు అక్కడందరూ చేసే పనే అది.

"టైర్లలో తీస్తావు, సంచుల్లో నింపుతావు," అన్నాడు మెర్వ్. "ఈ గాలికే జీతం ఇవ్వాలి ఇక."

"నువ్వు బ్రెడ్డు చూసుకో."

మట్టి అలలు మొదలయ్యాయి. బళ్ళు తిరిగీ తిరిగీ రోడ్డు మీద అడ్డంగా గట్టిపడిన అలలవి, చాకిరేవు బండ మీది గాడుల్లా వరసగా. దాణా బస్తాలు కిక్కురుమనలేదు. మెర్వ్ ఒళ్ళో బ్రెడ్డు పెట్టె కదల్లేదు. బరువుతో పోతున్న బండి ఎలా పోవాలో అలా పోతోంది.

"నా స్ప్రింగులైనా ఇలాగే పోయేది," అన్నాడు.

"పోయేది," అంది రోండా.

రేడియో గరగరలాడింది. దారి పొడుగునా ఉన్న ఫారాల వాళ్ళంతా ఒకే చానల్లో ఉంటారు. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు.

"ముల్గారీ టపా, వింటున్నావా? నీ పక్కన మగమనిషి ఉన్నాడంటున్నారు. నిజమేనా?"

"నిజమే. బ్రెడ్డు మోస్తున్నాడు."

"మొగుడేనా?"

రోండా పక్కకు తిరిగి చూసింది. "చూస్తే అలాగే ఉన్నాడు."

నలుగురైదుగురి నవ్వులు ఒకదాని మీద ఒకటి వినిపించాయి.

ఫారం తర్వాత ఫారం. ఒకచోట వాషింగ్ మెషీను దిగింది. ఇంకోచోట మోటారు, టైర్లు. దించేది మెర్వ్, సంతకం తీసుకునేది రోండా. ప్రతిచోటా ఆమె మీటలు నొక్కితే గాలి బుస్సుమని పోయేది. మెర్వ్ మీటల పక్కనున్న గాలి కొలత ముల్లును ఓరగా చూసి మళ్ళీ కిటికీలోకి చూసేవాడు. నడుము ఎలా ఉందని రెండుసార్లు అడగబోయి మానుకున్నాడు. రోండా గమనించింది. తనంతట తాను చెప్పలేదు.

నారవిల్లా ఫారం గేటు దగ్గర బండి ఆగకముందే ఐల్సా ట్రెగెంజా ఎదురొచ్చింది. భర్త పోయాక ఆ ఫారం నడుపుకుంటున్నది ఆమే. ఒంటి చక్రం తోపుడుబండి తోసుకుంటూ వచ్చింది. దాంట్లో రాళ్ళున్నాయి.

"ఈసారి గుండ్రటివి ఏరాను రోండా. చేతికి గుచ్చుకోవు."

ఆమెకు అప్పుడు మెర్వ్ కనిపించాడు.

"ఇవి తోటకి," అంది.

"ఎవరి తోటకి?" అన్నాడు మెర్వ్ బ్రెడ్డుతో దిగుతూ.

ఐల్సా రోండా వైపు చూసింది. రోండా తల ఊపింది.

"పొద్దున తెలిసింది ఆయనకి."

"హమ్మయ్య. నాకు అబద్ధాలాడటం చేతకాదమ్మా."

"ఇంకెవరెవరికి తెలుసు?" అన్నాడు మెర్వ్.

"ఈ దారిలో నీకు తప్ప అందరికీ."

వరండాలో టీ ఇచ్చింది. కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకులు పెట్టింది. రోండా నిలబడే తాగింది. మెర్వ్ కేకు ముట్టలేదు. చెట్టు కింద ఆగి ఉన్న ఐల్సా పికప్ వైపు చూస్తున్నాడు. దాని స్ప్రింగులూ తను వేసినవే. వెనక దాణా బస్తాలు రెండు ఉన్నాయి. గుడ్డ ఎండకు పీలికలై దాణా కారిపోతోంది.

"ఆ బస్తాలు ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నాయి?"

"అవి దించను మెర్వ్. దించితే ఎగురుతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెబుతాం? దగ్గరుండి మరీ వేశావు. నీకు కష్టంగా ఉంటుందని." ఐల్సా కేకు ప్లేటు అతని వైపు జరిపింది. "పక్క ఫారం వాళ్ళది పాత ఇంజను దిమ్మె. ఆ అవతలివాళ్ళు నీళ్ళ డ్రమ్ము పెట్టుకున్నారు. ఏదో ఒకటి. అందరం బాగానే ఉన్నాం. కేకు తిను."

మెర్వ్ కేకు తీసుకుని చేతిలో పట్టుకున్నాడు. తినలేదు.

బయలుదేరేటప్పుడు ఐల్సా తోపుడుబండి పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"ఎక్కించమంటావా?"

"ఇవాళ వద్దు," అంది రోండా.

*

ఖాళీ బండి. వెనక మెర్వ్ సామాను తప్ప ఏమీ లేదు. రోండా మీటలు రెండూ నొక్కి పట్టుకుంది. బుస్సుమంటూ గాలి పోయింది. బండి కాస్త కిందికి దిగి కుదురుకుంది.

మొదటి అలలు రాగానే ఆమె భుజాలు బిగిశాయి. రెండు చేతులూ స్టీరింగును పట్టుకున్నాయి. ఊపిరి బిగబట్టింది. అలవాటు.

దెబ్బ రాలేదు.

టైర్ల కింద అలలు గలగలా పోతున్నాయి. చప్పుడు ఉంది. సీటులోకి మాత్రం ఏమీ రావడం లేదు. ఆమె ఊపిరి వదిలింది. కాస్త వేగం పెంచింది. ఇంకాస్త పెంచింది.

"మెర్వ్."

"ఊఁ."

"కాస్త టీ పొయ్యి."

"బండి పోతుంటేనా?"

"పొయ్యి చూద్దాం."

మెర్వ్ ఫ్లాస్కు మూత తీసి అందులోనే టీ పోశాడు. అంచు దాకా పోశాడు. మోకాలి మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. టీ వణికింది. ఒలకలేదు.

రోండా గట్టిగా నవ్వింది. నవ్వితే ఏమీ లాగలేదు. అది తెలిసి ఇంకోసారి నవ్వింది. స్టీరింగు మీద అరచేత్తో కొట్టింది.

"ఈ చోటు చూడు! ఇక్కడ ప్రతి వారం ఏడ్చేదాన్ని. ఎవరూ లేరు కదా అని నోరు తెరిచి ఏడ్చేదాన్ని. చూడు, ఏమీ లేదు! అయిపోయింది! దాటేశాం!"

రోడ్డు పక్కన ఈము పక్షులు పరుగెత్తుతున్నాయి. ఆమె వాటితో పోటీగా బండి తోలింది. హారను కొట్టింది. పెళ్ళికి ముందు ఆమె ఇలా బండి తోలడం మెర్వ్ చూశాడు. ఆ తర్వాత చూడలేదు. అతని పెదవులు నవ్వుకు సిద్ధమయ్యాయి. అంతలోనే ముడుచుకున్నాయి.

"ఆపు," అన్నాడు.

"ఏమైంది? సంచి పోయిందా?"

"ఆపు రోండా."

ఆమె ఆపింది. మెర్వ్ టీ మూతను డాష్‌బోర్డు మీద పెట్టి దిగాడు. వెనక్కి వెళ్ళి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. స్ప్రింగులు కిందికి దించాడు. జాకీ దించాడు.

రోండా కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"సంచులు బాగానే ఉన్నాయి కదా!"

"బాగున్నాయి."

"మరేంటిది?"

"ఒక్కసారి నా స్ప్రింగులు వేసి చూస్తాను."

"పిచ్చెక్కిందా? ఇంటికెళ్ళి చూసుకో."

"ఇంటి దగ్గర తారు రోడ్డు. ఎప్పుడూ అక్కడే చూశాను. వెనక బరువు వేసి, తారు మీద." మెర్వ్ జాకీ తిప్పుతున్నాడు. "ఈ దారిలో ఉన్నవాళ్ళందరికీ అమ్మాను రోండా. ఖాళీ బండిలో ఈ రోడ్డు మీద ఒక్కసారి కూర్చోలేదు. నువ్వు దిగు. నువ్వు ఎక్కొద్దు. ఇందాక దాటిన పశువుల గేటు దాకా పోయి వస్తాను."

రోండా దిగింది. పక్కకు వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చెట్టు లేదు. ఉన్న నీడ బండిదే. దాని కింద మెర్వ్ ఉన్నాడు.

అతని చేతులకు ఆ పని కళ్ళు మూసుకున్నా వచ్చు. సంచులు బయటికొచ్చాయి. స్ప్రింగులు లోపలికి పోయాయి. చక్రాలు బిగించి, ఎక్కి, బండి తిప్పుకుని వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

దుమ్ము లేచింది. రోండా చేతి కింద నుంచి చూస్తూ నిలబడింది. బండి కనుమరుగయ్యాక కూడా వెనక తలుపు కొట్టుకునే చప్పుడు వినిపించింది. ధన్, ధన్, ధన్. ఆ చప్పుడు బండి లోపలి నుంచే ఆమెకు తెలుసు. బయటి నుంచి ఎప్పుడూ వినలేదు.

చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. దగ్గరైంది.

బండి ఆమె ముందు ఆగింది. ఇంజను ఆగింది. మెర్వ్ తలుపు తీయలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. టోపీ లేదు. పెదవి మీద నెత్తురు.

"ఏమైంది?"

"నాలుక కరుచుకున్నాను."

"నోరు మూసుకుని నడపాలి," అంది రోండా. "ఎవరూ చెప్పలేదు కదూ నీకు."

అతను నవ్వలేదు. డాష్‌బోర్డు మీది మూత కింద పడి ఉంది. టీ అంతా సీటు మీద ఉంది. తలుపు తీసుకుని దిగి, తలుపునే పట్టుకుని నిలబడ్డాడు.

"రోండా, శుక్రవారం సంతకం పెట్టొద్దు."

"ఏంటీ?"

"పెట్టొద్దు. వేరేవాళ్ళు ఎవరన్నా తెస్తారు టపా. నువ్వు ఇంక ఈ రోడ్డు ఎక్కొద్దు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇవాళే కదా మెర్వ్ నాకు నొప్పి లేనిది! ఇవాళే మానేయమంటావా?"

"ఇన్నేళ్ళు దీని మీద కూర్చున్నావు."

"కూర్చున్నాను. అది అయిపోయింది. అయిపోయినదానికి నువ్వు బాధపడాలంటే పడు. దానికి నా పని ఎందుకు మానాలి?"

"రబ్బరు రోండా అది. ఇవాళ బాగుంది. ఎండకు ఎండుతుంది. దుమ్ము పట్టి అరుగుతుంది. ఏదో ఒక రోజు పోతుంది. నువ్వొక్కదానివే ఉంటావు."

"పోతే మారుస్తాను."

"ఎవరు?"

"నేను."

"ఈ కింద పడుకుంటే మళ్ళీ లేవలేవు నువ్వు. పోయిన వారం వాగు దగ్గర లేవలేకపోయావు."

"నువ్విచ్చిన పుట్టినరోజు కానుక కోసం ఎత్తిన రాయి ఉంది అప్పుడు చేతిలో!"

అనేసి ఆమే ఆగిపోయింది. గాలి వీచి దుమ్ము ఇద్దరి మధ్య నుంచి పోయింది.

"ఆ మాట అనాల్సింది కాదు," అంది రోండా.

"అనాల్సిందే. ఇన్నాళ్ళూ అననందుకే ఇలా అయింది. అయినా సంతకం పెట్టొద్దు."

రోండా అతన్ని తప్పుకుని కిటికీలోంచి లోపలికి వంగి రేడియో మైకు అందుకుంది. బటన్ నొక్కింది.

"దారిలో ఉన్నవాళ్ళందరికీ. ముల్గారీ టపా మాట్లాడుతోంది. ఇంకో మూడేళ్ళు నేనే వస్తాను. శుక్రవారం సంతకం పెడుతున్నాను. అంతే."

రేడియో ఒక్కసారి గోలయింది. ఎవరో కేకలు వేశారు. ఎవరో హారను కొట్టారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడటంతో ఏదీ అర్థం కాలేదు. చివరికి ఐల్సా గొంతు తేలింది.

"నీ పక్కనున్నాయన ఏమంటాడు?"

రోండా భర్త వైపు చూసింది. అతను చూస్తున్నది నేలను. ఆమె మైకు కొక్కేనికి తగిలించింది.

"జాకీ ఎక్కించు," అంది.

ఇంటికి పోవాలంటే సంచులు మళ్ళీ వేయక తప్పదు. మెర్వ్ జాకీ ఎక్కించాడు. స్టాండ్లు పెట్టాడు. చక్రాలు తీశాడు. స్టాండ్లను చేత్తో ఊపి చూసుకుని, పనిముట్ల కోసం సీటు వెనక్కి వెళ్ళాడు. స్పానరుతో తిరిగొచ్చేసరికి ఖాళీ టపా సంచి ఒకటి నేల మీద పరిచి ఉంది. రోండా దాని మీద మోకాళ్ళు వేసింది. ఒక చేత్తో బండి అంచు పట్టుకుని మెల్లగా వెల్లకిలా పడుకుంది. పళ్ళు కరిచి పట్టుకుని కిందికి జరిగింది.

"రోండా, బయటికి రా. నేను వేస్తాను."

"నువ్వు వేస్తే నాకు రాదు."

"లేవలేవని చెప్పాను."

"లేవలేకపోతే అప్పుడు చెప్పు, సంతకం పెట్టొద్దని. వింటాను." బండి కింద నుంచి ఆమె గొంతు ఇనుముకు తగిలి వస్తోంది. "ముందు ఏ బోల్టు విప్పాలి? ఎడమదా, కుడిదా?"

అతను చెప్పలేదు.

"చెప్పకపోతే రెండూ చూస్తాను. స్పానరు ఇవ్వు."

బండి కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. అరచెయ్యి పైకి తెరుచుకుంది.

స్పానరు మెర్వ్ చేతిలో ఉంది. అతను ఇవ్వలేదు. ఆ చెయ్యి కూడా వెనక్కి పోలేదు.